ఒకటిన్నర కప్లింగ్

కొండ దారిలో దొరికిన రబ్బరు ముక్కలన్నీ ఏరి బల్ల మీద పేర్చి చూస్తే, చనిపోయిన యజమాని వ్యాన్‌కి ఉన్నది ఒక కప్లింగ్ కాదు, ఒకటిన్నర అని తేలింది.

డిటెక్టివ్ కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని లెక్కపెట్టాడు. తొమ్మిది. తప్పు కళ్ళజోడుది కాదు.

రబ్బరు కప్లింగ్ అంటే అరచేయి మందాన ఉండే గుండ్రటి నల్ల బిళ్ళ. గేర్‌బాక్సుకీ, చక్రాల్ని తిప్పే పొడుగాటి ఇనుప షాఫ్టుకీ మధ్య కూర్చుంటుంది. ఇంజను ఇచ్చే కుదుపును తను మింగి, షాఫ్టుకు మెత్తగా అందించడం దాని పని. దాని ఒంట్లో బోల్టులు దూరడానికి ఆరు ఉక్కు బుష్‌లు, చిన్న గొట్టాల్లాంటివి, ఉంటాయి. మూడింటికి గేర్‌బాక్సు వైపు నుంచి బోల్టులు, మూడింటికి షాఫ్టు వైపు నుంచి. తెగినప్పుడు రబ్బరు ఎన్ని ముక్కలైనా కావచ్చు. ఉక్కు బుష్‌లు మాత్రం పిల్లల్ని పెట్టవు.

"మూడు ఎక్కువ," అన్నాడు డిటెక్టివ్.

స్టేషన్ గదిలో, బల్లకి అవతల ఫిట్టర్ భార్య నిలబడి ఉంది. మొగుడి కోసం పొద్దున తెచ్చిన టిఫిన్ డబ్బా ఇంకా చేతిలోనే ఉంది. లాకప్‌లో ఉన్న మనిషి తిండి ముట్టుకోవడం మానేసి నాలుగు రోజులైంది.

"ఎక్కువైతే మంచిదేనా అన్నయ్యగారూ?"

"మీ ఆయనకి మంచిదే. ఇంకెవరికో చాలా చెడ్డది."

కప్లింగులు తయారుచేసే షెడ్డు యజమాని తన వ్యాన్‌లో కొండ దిగుతుండగా కప్లింగ్ తెగింది. పట్టు తప్పిన షాఫ్టు కర్రసాము చేసినట్టు తిరిగి, బ్రేకు గొట్టాన్ని తెంపి, ఊడిపోయింది. వ్యాన్ లోయలోకి ఒరిగి చెట్టుకు చిక్కుకుంది. యజమాని చిక్కుకోలేదు. ఆ కప్లింగ్ బిగించింది ముందురోజు షెడ్డు ఫిట్టర్. రోడ్డు మీద పోలీసులకి దొరికిన సగం ముక్కలో బోల్టులు తిరగేసి ఉన్నాయి. కప్లింగ్ అంచున అచ్చులోనే పోసిన బాణం గుర్తులు ఉంటాయి. బాణం ఎటు చూపిస్తే బోల్టు అటు దూరాలి. ఎదురు బిగిస్తే రబ్బరుకి బలమిచ్చే లోపలి దారాలు వదులైపోతాయి, బరువంతా ఒట్టి రబ్బరు మీద పడి అది చిరిగిపోతుంది. ఇన్‌స్పెక్టర్‌కి ఆ సగం ముక్క చాలింది. ఫిట్టర్‌ని లోపల వేశాడు.

ఇవాళ పొద్దున క్రేన్ వచ్చి వ్యాన్‌ని పైకి లాగింది. డిటెక్టివ్ దాని కిందకి దూరి గేర్‌బాక్సుకి ఇంకా అంటుకుని ఉన్న మూడు బుష్‌లను విప్పించాడు. తర్వాత రోడ్డు పక్క పొదలన్నీ కర్రతో గాలించాడు. అందరూ లోయ అడుగున ఉందనుకున్న షాఫ్టు అక్కడే, నాలుగడుగుల్లో, ముళ్ళకంప కింద పడుకుని ఉంది. దాని కొసన మరో మూడు బుష్‌లు. ఇవి ఆరు. పోలీసుల సగం ముక్కలోవి మూడు.

"ఏంటి బావా, సర్కారు సాక్ష్యాన్ని పేకముక్కల్లా పరిచావు?"

ఇన్‌స్పెక్టర్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అతను డిటెక్టివ్ భార్యకి తమ్ముడు. అక్క ముందు పిల్లి, స్టేషన్లో పులి.

"పేకే అనుకో. కట్టలో మూడు ముక్కలు ఎక్కువొచ్చాయి. ఎవరో కలిపారు."

ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వచ్చి చూశాడు. లెక్క అతనికీ అర్థమైంది, కానీ ముఖం మీదకి రానివ్వలేదు. "రోడ్డన్నాక సవాలక్ష బళ్ళు తిరుగుతాయి. ఏ లారీదో ఊడి పడి ఉంటుంది."

"సరే, పడిందే అనుకుందాం. అప్పుడు నీ కేసు కూడా దాంతోపాటే పడింది. చూడు. వ్యాన్ నుంచి విప్పినవి మూడు, షాఫ్టు మీదవి మూడు, ఈ ఆరింటికీ బోల్టులు బాణం చూపినవైపే ఉన్నాయి. తిరగేసి ఉన్నవి నీకు రోడ్డు మీద దొరికిన మూడే. అవి ఈ వ్యాన్‌వి కావని ఇప్పుడు నువ్వే అన్నావు."

"నేను ఏమీ అనలేదు. అన్నది మీ ఫిట్టర్. తప్పు నాదే, తిరగేసి బిగించి ఉంటానని తన నోటితో ఒప్పుకున్నాడు. రాసుకున్నాం, సంతకం పెట్టాడు."

"నాలుగు రోజులు నిద్ర లేకుండా కూర్చోబెట్టి ఆ ముక్క ముఖం ముందు ఆడిస్తే, నీ పెళ్ళి కూడా తనే తప్పుగా చేయించానని ఒప్పుకుంటాడు."

అంత బాధలోనూ ఫిట్టర్ భార్య పెదవుల కొస కదిలింది. ఇన్‌స్పెక్టర్ చెవులు ఎర్రబడ్డాయి.

"మధ్యాహ్నం మూడింటికి కొండ అవతల కోర్టులో హాజరుపరుస్తున్నా. అక్కణ్ణుంచి అటే జైలుకి. నీ పేకముక్కలేవో మేజిస్ట్రేటు గారికి చూపించుకో."

"సాయంత్రం దాకా ఆగు. ఒక్క పూట."

"ఆగను. పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. మా అక్క మొహం చూసి ఇంతసేపు నిన్ను ఈ గదిలోకి రానిచ్చాను. అదే గొప్ప."

బయట జీపు వచ్చి ఆగింది. డ్రైవర్ తలుపు వేసిన చప్పుడు వినపడేదాకా అది వచ్చిన సంగతే తెలియలేదు.

"మీ జీపు వస్తుంటే వీధి మొదట్లోనే తెలిసేది. ఇవాళ దానికి గొంతు పోయిందా?" అన్నాడు డిటెక్టివ్, అదీ అలవాటుగా, ఆలోచన ఎక్కడో ఉండగా.

"పోయినవారం రబ్బరు మార్పించాం. ఆ షెడ్డులోనే. ఇప్పుడు టీ గ్లాసు ఒళ్ళో పెట్టుకుని పోవచ్చు." ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. "బిగించింది మీ వాడే, ఆ మాటకొస్తే. పోలీసు జీపు కదా, భయపడి సరిగ్గా బిగించినట్టున్నాడు."

*

ఫిట్టర్ లాకప్ మూల గోడకి వీపు ఆనించి కూర్చున్నాడు. ముప్పై దాటని మనిషి. నాలుగు రోజుల్లో పదేళ్ళు మీదపడ్డాయి. భార్య ఊచల్లోంచి డబ్బా లోపలికి తోసింది. అతను దాని వైపు చూడలేదు.

"నేనే చంపాను సార్. ఆయన నన్ను కొడుకులా చూసుకున్నారు. నా చేత్తో బిగించి, నా చేత్తో తాళాలిచ్చి పంపాను."

"ఏడుపు తర్వాత. ముందు పని చెప్పు. కొత్త కప్లింగ్ చేతికొచ్చాక మొట్టమొదట ఏం చేస్తావు?"

"కడుగుతాను సార్. సబ్బునీళ్ళతో."

"ఎందుకు?"

"అచ్చుకి అతుక్కోకుండా సుద్దపొడి చల్లుతారు కదా సార్. అది ఉంటే బోల్టు దూరేటప్పుడు గీరుకుంటుంది. సబ్బునీళ్ళు పెడితే మెత్తగా జారుతుంది. గ్రీజు పెట్టకూడదు, రబ్బరు ఉబ్బుతుంది. మామయ్య నేర్పిన పని."

"బాణం గుర్తుల్లో కూడా కడుగుతావా?"

"బ్రష్షు పెట్టి. లేకపోతే బాణం కనపడదు."

"వ్యాన్‌ది కడిగావా?"

ఫిట్టర్ తలెత్తాడు. ఆ రోజు కప్లింగ్‌ని చేతుల్లో తిప్పి చూస్తున్నట్టు అతని వేళ్ళు గాలిలో కదిలాయి. "కడిగాను. కడక్కుండా నేను ఏదీ బిగించను సార్."

డిటెక్టివ్ జేబులోంచి భూతద్దం తీసి, తనతో తెచ్చిన సగం ముక్కని వెలుగుకి పట్టుకున్నాడు. అందులోని మూడు బాణాల గాడుల్లోనూ సుద్ద గట్టిగా, తెల్లగా, తడి తగలనట్టు ఉంది.

"ఈ ముక్క నీ చేతిలోంచి పోలేదు," అన్నాడు. "నువ్వు ఎవర్నీ చంపలేదు. ముందు అన్నం తిను."

ఫిట్టర్ నమ్మలేదు. నమ్మాలన్న ఆశ కూడా అతనిలో మిగల్లేదు. భార్య ఊచలు పట్టుకుని, "వింటున్నావా? అన్నయ్యగారు చెప్పేది వింటున్నావా?" అని మెల్లగా, మళ్ళీ మళ్ళీ అడుగుతూ ఉంది.

డిటెక్టివ్ కళ్ళు ఇంకా భూతద్దం మీదే ఉన్నాయి. ఆ ముక్క అంచున మరొకటి కనపడింది. చిన్న గాటు. చిరగడం వల్ల వచ్చింది కాదు. పదునైన కత్తితో, అడ్డంగా, ఒక్క ఊపులో పెట్టింది. మిగతా ఆరు బుష్‌ల రబ్బరు మీద అలాంటిది లేదు.

"ఈ గాటేంటో తెలుసా అమ్మా?"

ఆవిడ చూసింది. చూసి, వేలితో ముట్టుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. "షెడ్డుకి వెళ్తే తెలుస్తుందేమో అన్నయ్యగారూ. మా నాన్న అక్కడే ఉంటారు. టెస్టింగ్ ఆయనే చూస్తారు. ఆయన్ని అడగండి."

*

యజమాని పోయాక షెడ్డు మూసేశారు. వాచ్‌మన్ గేటు తీసి, ఫిట్టర్ భార్యని చూసి, "రామ్మా. నాన్నగారు లోపలే ఉన్నారు. పని లేకపోయినా రోజూ వస్తున్నారు," అన్నాడు.

"ప్రమాదం కబురు ఇక్కడికి ఎవరు తెచ్చారు?" అని అడిగాడు డిటెక్టివ్.

"ఒక లారీ డ్రైవర్ సార్. వ్యాన్ మీద షెడ్డు పేరుంది కదా, చూసి సరాసరి ఇక్కడికే వచ్చాడు. షాఫ్టు ఊడిపోయింది, రోడ్డంతా రబ్బరు ముక్కలే అన్నాడు. ఇంకా ఎవరూ పనిలోకి రాలేదు. నేనూ పెద్దాయనే ఉన్నాం."

"పెద్దాయన ఏం చేశారు?"

"కూలబడిపోయారు. తర్వాత లేచి, నేను ఆ లారీలోనే వెళ్తాను, నువ్వు పోలీసులకి ఫోన్ చెయ్యి అన్నారు. లోపలికి వెళ్ళి సంచి తెచ్చుకున్నారు."

"లోపల ఎంతసేపు?"

"లారీ అతను మంచినీళ్ళు తాగి, బీడీ కాల్చుకునేంత సేపు. మిషను కూడా తిరిగింది." వాచ్‌మన్ తల గోక్కున్నాడు. "అదే నాకూ వింతగా అనిపించింది సార్. మనిషి పోయాడంటే మిషను తిప్పడమేంటని. కంగారులో ఏ స్విచ్చో నొక్కి ఉంటారులే అనుకున్నా."

డిటెక్టివ్ ఫిట్టర్ భార్య వైపు చూడలేదు. ఆవిడ అడుగుల చప్పుడు మాత్రం తన వెనక ఆగిపోవడం విన్నాడు.

టెస్టింగ్ గది చిన్నది. మధ్యలో కప్లింగ్‌ని రెండువైపులా పట్టుకుని మెలితిప్పే యంత్రం. దాని నెత్తిన పళ్ళెమంత డయలు. మూలన పీపా నిండా పరీక్షలో తెగిపోయిన కప్లింగులు. డిటెక్టివ్ ఒకటి తీశాడు. అంచున గాటు. ఇంకొకటి. గాటు. పీపా అడుగుదాకా చెయ్యి పెట్టి తీసిన దానికీ అదే గాటు, అదే కొలత, అదే వాలు.

"తెగిన సరుకు పొరపాటున ఎవరూ బండికి ఎక్కించకుండా ఆ గుర్తు పెడతాం బాబూ."

యంత్రం వెనక స్టూలు మీద పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఫిట్టర్‌కి మామ. బక్కగా, శుభ్రంగా, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని. కుడి బొటనవేలు మాత్రం చదునుగా, నల్లగా, రబ్బరుతోనే చేసినట్టు ఉంది. ఈ షెడ్డులో ఆయన వేలితో నొక్కి బాగుంది అన్నాక యంత్రం కాదన్న రోజు లేదని పేరు.

"అల్లుడికి బెయిల్ దొరికిందా తల్లీ?" అన్నాడు కూతురి అడుగుల చప్పుడు వైపు తల తిప్పి.

ఆవిడ గుమ్మం దగ్గరే ఆగింది.

"మీ అల్లుడి సంగతి మాట్లాడదామనే వచ్చాను," అన్నాడు డిటెక్టివ్. "ఆ వ్యాన్‌కి వేసిన బ్యాచ్‌ని టెస్ట్ చేసింది మీరేనా?"

"నేనే. ఇంకెవరున్నారు."

"బాగుందా?"

"బాగుందనే పంపాను."

"ఈ యంత్రం మీదేనా?"

"దీని మీదే. ఇరవై ఏళ్ళుగా దీని మీదే."

డిటెక్టివ్ డయలు దగ్గరికి వెళ్ళాడు. దాని గాజు మీద దుమ్ము లేదు, రోజూ తుడుస్తున్నట్టుంది. అతను వంగి చూశాడు. చూసి, పక్కకి జరిగాడు.

"పెద్దాయనా, ఇప్పుడు ముల్లు ఎక్కడుంది?"

పెద్దాయన స్టూలు మీంచి లేచాడు. డయలుకి ఎదురుగా నిలబడి, కళ్ళు చికిలించాడు. "సున్నా దగ్గర. మిషను ఆపి ఉంది కదా బాబూ, ఇంకెక్కడుంటుంది?"

"సరిగ్గా సున్నా మీదా?"

"ఒక వెంట్రుకవాసి అటు."

"నాన్నా," అంది కూతురు.

ఆవిడకి గుమ్మం దగ్గర్నుంచే కనపడుతోంది. డయలుకి ముల్లు లేదు. అది మొదలుకంటా ఊడిపోయి, గాజు అడుగున అడ్డంగా పడి ఉంది. దాని మీద సన్నటి తుప్పు. ఊడి ఎన్నాళ్ళైందో.

"ముల్లు లేదు నాన్నా."

పెద్దాయన చెయ్యి చాపి గాజును తడిమాడు, గాజు మీద ముల్లు చేతికి తగులుతుందన్నట్టు.

"ఎంతకాలమైంది కళ్ళు పోయి?" డిటెక్టివ్ గొంతు తగ్గించి అడిగాడు.

"పోలేదు. పోలేదు బాబూ. కొంచెం మసక. వెలుగు సరిగ్గా ఉంటే..."

"ఆ రోజు కొండ మీద ఎండ బాగానే ఉంది. షాఫ్టు మీ కాళ్ళ దగ్గరే పొదలో ఉంది. మీకు కనపడలేదు. లోయలో పడిపోయిందనుకుని, సంచిలోంచి సగం కప్లింగ్ తీసి రోడ్డు మీద పెట్టారు. ఆ సగం ఇదిగో. దీన్ని ఫిట్టర్ కడగలేదు, సుద్ద అలాగే ఉంది. పైగా దీని మీద మీ గాటు ఉంది."

పెద్దాయన ఆ ముక్కని అందుకున్నాడు. చూడలేదు. బొటనవేలు దాని అంచు వెంబడి మెల్లగా నడిచి, గాటు దగ్గర ఆగింది.

"నాకు తెలీదు," అన్నాడు. "ఏ గాటు? నాకేం తెలీదు. నన్ను వదిలెయ్యండి."

బయట మోటార్‌సైకిల్ ఆగింది. ఇన్‌స్పెక్టర్ లోపలికి వచ్చాడు, ముఖం మీద గెలిచిన నవ్వుతో.

"ఇక్కడుంటావని తెలుసు బావా. ముసలాయన్ని కూడా ఏడిపిస్తున్నావా? ఇక కట్టిపెట్టు. మీ వాణ్ణి పంపించేశా."

"మూడింటికన్నావు."

"నువ్వు మూడింటికల్లా ఏ ప్లీడర్నో పట్టుకొస్తావని ముందే ఎక్కించా. ఈపాటికి కొండ ఎక్కేసి దిగుతూ ఉంటారు."

"ఎందులో?"

ఆ మాట అడిగింది డిటెక్టివ్ కాదు. పెద్దాయన. చేతిలోని రబ్బరు ముక్క నేల మీద పడి, ఒకసారి ఎగిరి, యంత్రం కిందకి దొర్లింది.

"ఎందులో పంపారు బాబూ?"

"ఎందులో ఏంటి, జీపులో. పల్లకీలో పంపిస్తారా?"

"కొత్త రబ్బరు వేసిన జీపా?"

ఇన్‌స్పెక్టర్ నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. డిటెక్టివ్ అతని జేబు వైపు వేలు చూపించి, "డ్రైవర్‌కి ఫోన్ చెయ్యి. ఇప్పుడే," అన్నాడు. ఈసారి ఇన్‌స్పెక్టర్ ఎదురు చెప్పలేదు. నొక్కాడు. గదిలో అందరికీ వినపడేలా అవతల రింగు మోగడం మొదలుపెట్టింది. ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ నొక్కాడు.

ఫిట్టర్ భార్య తండ్రి రెండు భుజాలూ పట్టుకుంది. "నాన్నా. చెప్పు. ఆయన ఆ జీపులో ఉన్నాడు. ఏం చేశావో చెప్పు."

పెద్దాయన కూతురి ముఖం వైపు చూశాడు. కనపడుతున్నది ముఖమో, మసకో. యంత్రం మీద చెయ్యి ఆనించి, చెప్పడం మొదలుపెట్టాడు.

"ఆ బ్యాచ్ చేసిన రోజు కరెంటు పోయింది. రబ్బరును ఉడికించే ప్రెస్సులో ఉన్న సరుకు సగంలో చల్లారింది. మళ్ళీ వేడి చేసి తీశాం. పైన గట్టిపడింది, లోపల పచ్చిగా ఉండిపోయింది. మిషను మీద పెడితే తెలిసేదే. పెట్టాను కూడా. ముల్లు కనపడలేదు. ఎన్నాళ్ళుగానో కనపడట్లేదు. చెబితే ఇంట్లో కూర్చోబెడతారు. ఈ గది లేకపోతే నేను మనిషినే కాదమ్మా. అందుకే వేలితో నొక్కి, బాగుందన్నాను. నా వేలు అన్నాక యజమాని ఇంకేమీ అడగరు. నన్ను నమ్మే ఆయన తన బండికి కూడా ఒకటి వేయించుకున్నారు.

"ఆయన పోయారని లారీ అతను చెప్పగానే నాకు అర్థమైపోయింది. మంచి కప్లింగ్ ఒకటి మిషను మీద తిరగేసి బిగించి, తెంపి పట్టుకెళ్ళాను. ఆయన ఆదివారాల్లో తనే బండి కిందకి దూరేవారు. ఆయనే తప్పుగా బిగించుకున్నారనుకుంటారు, పోయినవాడి మీద పడితే ఎవరికీ నొప్పి ఉండదనుకున్నాను. అల్లుడు బిగించాడని నాకు తెలీదు తల్లీ. తెలిసేసరికి వాడు తనే బిగించానని, తప్పు తనదేనని చెప్పేశాడు. రోజూ స్టేషన్ దాకా వచ్చాను. గేటు దగ్గర నుంచి తిరిగొచ్చేశాను. గాటు ఎప్పుడు పెట్టానో నాకే తెలీదు. తెగిన ముక్క చేతిలో ఉంటే చెయ్యి దానంతటదే పెట్టేస్తుంది.

"ఆ బ్యాచ్‌లో రెండే బయటికి వెళ్ళాయి బాబూ. మిగతావి అదిగో, ఆ అరలోనే ఉన్నాయి. ఒకటి యజమాని బండికి. రెండోది మీ జీపుకి. కొండ ఎక్కేటప్పుడు ఏమీ కాదు. దిగేటప్పుడు ఇంజను వెనక్కి పట్టి లాగుతుంది చూడండి, అప్పుడు తెగుతుంది. మీ జీపుకి దాన్ని మా అల్లుడే బిగించాడు. సరిగ్గానే బిగించాడు. వాడెప్పుడూ సరిగ్గానే బిగిస్తాడు."